ఆరోగ్య ముచ్చట్లు: మంట ఆరిన తరువాత వచ్చే జ్వరం



ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి భోగి వెళ్ళిపోయి ఉంటుంది. మన ఊళ్ళల్లో భోగి అంటే చలి, తెల్లవారుజామున మంట, అందులోకి పాత చీపుళ్ళూ విరిగిన కుర్చీలూ. మెల్‌బోర్న్‌లో భోగి అంటే నడివేసవి. ఆ రోజున గనక 'టోటల్ ఫైర్ బ్యాన్' ప్రకటించారంటే పెరట్లో పిడకల దండ కాదు గదా, నాలుగు పుల్లలు ముట్టించినా నేరమే. అందుకని మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా భోగిమంట అంటే దేవుడి దగ్గర ఒక దీపం, చుట్టుప్రక్కల పిల్లలకు భోగిపళ్ళు, అంతే.

ఈసారి ముచ్చట కూడా నిప్పు గురించే. కాన్సరు గడ్డను కోసి తియ్యకుండా, ఒంట్లో ఉన్నచోటే వేడితో మాడ్చేసే చికిత్స ఒకటుంది. మాడ్చటం పది నిమిషాల పని. ఆ తరువాత మన ఒళ్ళు చేసే పని మాత్రం నెలల తరబడి సాగుతుంది. డాక్టర్లు మొదటిదాన్ని బాగానే వివరిస్తారు. రెండోది ఇంటికి వచ్చాక మనకు అనుభవంలోకి వస్తుంది, అదీ అర్ధరాత్రి పూట. ఈ విషయం మీద వ్రాయటానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి నా ఒళ్ళు, రెండోది నా నోరు. ముందు ఒంటి సంగతి చెబుతాను.

మీలో చాలామందికి తెలిసిందే, మూడేళ్ళ క్రితం నాకు పెద్దప్రేగు కాన్సరుకు ఆపరేషను జరిగింది. ప్రభుత్వం పోస్టులో ఉచితంగా పంపే మలపరీక్ష కిట్టును, ఊరందరికీ చెయ్యమని చెప్పిన డాక్టర్ని నేనే, రెండుసార్లు సొరుగులో పడేశాను. (ఆ పథకం 2006లో మొదలయింది. 2024 జులై నుంచి 45 ఏళ్ళు నిండినవారికీ వర్తిస్తుంది. మీ సొరుగులో ఉంటే ఇవాళే బయటికి తియ్యండి.) క్రిందటి సంవత్సరం స్కానులో లివరులో రెండు సెంటీమీటర్ల మచ్చ కనిపించింది. ప్రేగులో పుట్టిన కాన్సరు రక్తంతో కలిసి ముందుగా చేరేది తరచు అక్కడికే. కొయ్యటమా, కాల్చటమా అని మాట్లాడి, చివరికి కాల్చటానికే నిశ్చయించారు.

కాల్చి నయం చెయ్యటం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహితలో 'అగ్నికర్మ' అని దీనికి ఒక అధ్యాయమే ఉంది. మా చిన్నతనంలో పచ్చకామెర్లు వస్తే చేతి మీద వాత పెట్టేవారు. (వాతతో కామెర్లు తగ్గవు. ఆ మచ్చ ఒక్కటే జీవితాంతం మిగులుతుంది. ఇప్పటికీ ఎవరన్నా సలహా చెబితే వినకండి.) ఆధునిక వైద్యంలో ఈ దారి వేసినవాడు పారిస్‌లోని దార్సన్‌వాల్ అనే శాస్త్రవేత్త. చాలా వేగంగా దిశ మారే విద్యుత్తు ఒంట్లోగుండా పోయినా కండరాలు ఎగిరిపడవని, షాకు కొట్టదని 1891లో ఆయన చూపించాడు. దాన్ని సన్నని సూది ద్వారా లివరులోకి పంపి గడ్డను మాడ్చవచ్చునని 1990లో అమెరికాలో ఒక బృందం, ఇటలీలో మరొక బృందం ప్రకటించాయి. అదే రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్స. ఆ తరువాత మైక్రోవేవ్ సూదులు వచ్చాయి. వంటింట్లో పెట్టె ఎలా అన్నం వేడి చేస్తుందో ఇదీ అలాగే. లోపలి నీటి కణాలను గిరగిరా ఆడించి వేడి పుట్టిస్తుంది.

లెక్కలు తేలికే. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. 50 దాటి కొన్ని నిమిషాలుంటే కణం చస్తుంది. 60 చేరితే దాదాపు తక్షణం చస్తుంది, కోడిగుడ్డులో తెల్లసొన గట్టిపడ్డట్టు. 100 దాటితే మాంసం బొగ్గయి, వేడి లోపలికి పాకకుండా అదే అడ్డం పడుతుంది. కనుక 60కీ 100కీ మధ్య ఉంచటమే డాక్టరు నేర్పు. గడ్డ మూడు సెంటీమీటర్ల లోపుంటే ఫలితం బాగుంటుంది. ప్రేగు కాన్సరు లివరుకు పాకిన సందర్భాల్లో, ఆ లోపు సైజు గడ్డలకు కాల్చటం కోతకు తీసిపోదని, పైగా ఇక్కట్లు తక్కువని నెదర్లాండ్స్‌వారి నాయకత్వంలో జరిగిన పరిశోధన ఒకటి 2025లో అచ్చయింది.

సరే, నన్ను మత్తులో పడుకోబెట్టి, స్కాను చూస్తూ ప్రక్కటెముకల సందునుంచి సూది దింపి, పని ముగించారు. మర్నాడు ఇంటికి పంపేశారు. బొడ్డుకు పైన, కుడివైపున, చిన్న ప్లాస్టరు. రెండు రోజులు రాజాలాగా ఉన్నాను. ఫోను చేసినవాళ్ళందరికీ "ఇదేం చికిత్సండీ, పన్ను పీకించుకోవటమే కష్టం" అని గొప్పలు పోయాను.

మూడో రాత్రి ఒళ్ళు సలసల కాగింది. కుడి భుజంలో నొప్పి, వికారం, ఒళ్ళంతా రోకలితో దంచినట్టు. మా ఆవిడ లేచి లైటు వేసింది.

"ఏమండీ, ఒళ్ళు కాలిపోతోంది. హాస్పిటలుకు ఫోను చెయ్యనా?"

"అక్కర్లేదు. ఇది మామూలే. దీనికో పేరు కూడా ఉంది."

"పేరుంటే జ్వరం కాకుండా పోతుందా? ఎంతుందో చూశారా?"

చూడలేదు. చూసే వీలు కూడా లేకుండా చేసుకొన్నాను. నొప్పి అని ఆరు గంటలకోసారి పనడాల్ మింగుతూ ఉన్నాను. ఆ మాత్ర నొప్పితోబాటు జ్వరాన్నీ దించుతుంది. అంటే నాకు జ్వరం ఎప్పుడు మొదలయిందో, ఎంతవరకు పోయిందో నాకే తెలియదు. ఆవిడ థర్మామీటరు పెట్టింది. మాత్ర వేసుకొన్న రెండు గంటలకు 38.1. హాస్పిటలు వార్డుకు ఆవిడే ఫోను చేసింది. అవతల నర్సు అడిగిన మొదటి ప్రశ్న: "మాత్రకు ముందు ఎంతుంది?" నలభై ఏళ్ళు రోగుల్ని అదే ప్రశ్న అడిగిన నేను జవాబు లేక కూర్చున్నాను.

అంతలో హైదరాబాదు నుంచి మా బావగారి ఫోను. "నేను ముందే చెప్పాను కదయ్యా, కాన్సరు గడ్డను సూదితో కదిపితే ఒళ్ళంతా పాకుతుంది. ఆ జ్వరమే దానికి సాక్ష్యం." ఈ మాట మీరూ వినే ఉంటారు. మన సంఘంలోనే ఒక అమ్మగారు మొదటిసారి కాల్చాక నాలుగు రోజులు జ్వరం వచ్చిందని, ఇక రెండో గడ్డ జోలికి ఎవర్నీ రానివ్వలేదు. 'కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది' అన్నదావిడ. అందుకే ఈ జ్వరం సంగతి విడమర్చి చెప్పుకొందాం.

ఈ దేశంలో ఉన్నాం కనుక, అడవి తగలబడటం మనకు తెలుసు. మంట ముందుకు సాగిపోయినంత మాత్రాన అగ్నిమాపక దళం ఇంటికి పోదు. కాలిన నేల అంచు వెంబడి రోజుల తరబడి తిరుగుతారు. పొగలు వస్తున్న మొద్దులను పగలగొడతారు, నీళ్ళు కొడతారు, నేల మీద వేడి ఇంకా ఉన్నదేమో చూస్తారు. ఒంట్లోనూ అదే జరుగుతుంది. సూది చుట్టూ నడిమి భాగం పూర్తిగా చచ్చిపోతుంది. దాని చుట్టూ ఒక అంచు ఉంటుంది. అక్కడ వేడి 42 నుంచి 50 లోపు తగిలిన కణాలు కొన్ని చావు, కొన్ని బ్రతుకు మధ్య ఊగుతుంటాయి. చచ్చిన కణాలు పగిలి లోపలి సరుకు బయటికి కారుతుంది. ఒంటికి అది అపాయ ఘంట. లివరులోనే కాపలా ఉండే రక్షక కణాలు ముందు మేలుకొంటాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి. తెల్లకణాలు గుంపులుగా దిగుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సందేశ పదార్థాలు రక్తంలో చేరి మెదడులోని వేడి మీటను పైకి తిప్పుతాయి. జ్వరం అలా వస్తుంది. అదే సందేశంతో లివరు సి.ఆర్.పి. అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. కాల్చిన కొత్తలో రక్తపరీక్షలో సి.ఆర్.పి., తెల్లకణాలు, లివరు ఎంజైములు పెరిగి కనిపించటం ఇందువల్లే.

ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోమను కాలంనుంచి వైద్యులు చెబుతున్న నాలుగు లక్షణాలు ఇవే. కాలిన వేలు మీద అయితే కంటికి కనిపిస్తాయి. లివరులో అయితే కనపడవు, జ్వరంగానూ నొప్పిగానూ తెలుస్తాయి. లివరు పైన ఉన్న పొరకు సెగ తగిలితే నొప్పి కుడి భుజంలో తెలియటం కూడా వింత కాదు. రెండింటి కబురూ మెదడుకు చేరేది ఒకే నరాల దారిన.

ఇందులో మన మెల్‌బోర్న్‌వారి పాలు కూడా ఉంది. హైడెల్బర్గ్‌లోని ఆస్టిన్ హాస్పిటల్‌లో, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ శస్త్రచికిత్స విభాగానికి చెందిన క్రిస్టోఫి, నిక్‌ఫర్జామ్ బృందం ఎలుకల లివరులోని గడ్డలను లేజరు వేడితో కాల్చి చూశారు. 2005లో వారు ప్రచురించిన సంగతి ఏమంటే, వేడి ఆపేసిన తరువాత కూడా కొన్ని రోజులపాటు కణాలు చచ్చే మేర పెరుగుతూనే పోయింది. సన్నని రక్తనాళాలు మూసుకుపోవటం, రక్షక కణాలు రేగటం వంటివి దీనికి కారణాలు కావచ్చునని వారి విశ్లేషణ. అంటే స్విచ్చి కట్టేసిన తరువాత కూడా మన ఒళ్ళు ఆ పనిని కొంత తానే ముందుకు నడుపుతుంది. నా మూడో రాత్రి జ్వరం వెనుక ఉన్నది ఆ సందడే.

ఈ జ్వరానికి ఇంగ్లీషులో 'పోస్ట్ అబ్లేషన్ సిండ్రోమ్' అని పేరు. మా ఆవిడకు నేను చెప్పబోయిన పేరు అదే. సుమారుగా మూడింట ఒక వంతు మందికి వస్తుంది. కాల్చిన మేర పెద్దదైతే ఎక్కువ. రెండో మూడో రోజున మొదలై, కొద్దిపాటి జ్వరం, నీరసం, ఒళ్ళు నొప్పులు, వికారం, అన్నీ ఫ్లూ వచ్చినట్టే ఉండి, చాలామందికి వారం తిరిగేలోగా తగ్గుతుంది. నాకు అయిదో రోజుకు తగ్గింది. ఇది కాన్సరు పాకిందనటానికి సాక్ష్యం కాదు. సూది దారి వెంట కాన్సరు కణాలు అంటుకోవటం అసలు లేకపోలేదు గాని చాలా అరుదు. సూది వెనక్కి తీసేటప్పుడు ఆ దారిని కూడా కాలుస్తూ తియ్యటం అందుకే.

ఇక నా నోటి సంగతి. నాకు నయమైన కొద్ది నెలలకు మన వాళ్ళ ఇంట ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఒక బాబాయిగారు నా ప్రక్కన కూర్చున్నారు. ఆయనకూ లివరులో గడ్డ కాల్చారు. "జ్వరంగా ఉంటోందోయ్, రాత్రుళ్ళు చలి కూడా" అన్నారు. నేను పులిహోర కలుపుకొంటూ, "అది మామూలే బాబాయిగారూ, నాకూ వచ్చింది, అదే పోతుంది" అన్నాను. ఎన్నో రోజని అడగలేదు. అడిగితే పన్నెండో రోజని చెప్పేవారు. మధ్యలో వారం రోజులు జ్వరం లేకుండా ఉండి మళ్ళీ వచ్చిందని చెప్పేవారు. ఆయనకు చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు. అది నాకు తెలిసి కూడా తట్టలేదు. నా మాట నమ్మి ఆయన మరో రెండు రోజులు ఇంట్లోనే ఉన్నారు. మూడో రోజు వణుకుతో కూలబడితే అంబులెన్సులో తీసుకుపోయారు. కాల్చినచోట చీముగడ్డ కట్టింది. గొట్టం వేసి చీము తీసి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. దేవుడి దయవల్ల కోలుకొన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆయన అనకపోవటమే నాకు బరువు.

కాబట్టి నేను ఆ రోజు అడగవలసిన ప్రశ్నలు ఇక్కడ వ్రాస్తున్నాను. కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఎన్నో రోజు? మొదటి వారంలో వచ్చి దిగుతూ పోయే కొద్దిపాటి జ్వరం సాధారణంగా ఒంటి పని. వారం దాటినా తగ్గనిది, తగ్గి మళ్ళీ వచ్చినది, ఆలస్యంగా మొదలైనది సూక్ష్మజీవుల పని కావచ్చు. ఎంత? 38.5 దాటినా, పళ్ళు టకటకలాడే వణుకు వచ్చినా, రోజు ఏదైనా సరే ఆగకండి. ఇంకేమున్నాయి? చక్కెర జబ్బు ఉన్నవారికీ, పైత్యరస నాళంలో గొట్టం వేసినవారికీ, ఆ నాళాన్ని ప్రేగుకు కలిపే ఆపరేషను జరిగినవారికీ చీముగడ్డ భయం ఎక్కువ. కీమోథెరపీలో ఉన్నవారికి 38 అంటేనే అత్యవసరం, తెల్లవారేదాకా చూడకూడదు. పెరిగే కడుపునొప్పి, కళ్ళు పచ్చబడటం, ఆయాసం, మగత ఉంటే ఆలోచించకుండా 000 తిప్పండి. ఇంగ్లీషులో చెప్పుకోలేని పెద్దవాళ్ళు హాస్పిటల్లో దుబాసీ కావాలని అడగవచ్చు. అది వారి హక్కు.

మాత్ర వేసే ముందు థర్మామీటరు పెట్టి, తేదీ, గంట, అంకె వ్రాయండి. ఆ తరువాతే మాత్ర. లివరు జబ్బు ఉన్నవారు పనడాల్ ఎంత వేసుకోవచ్చో తమ డాక్టరునే అడగాలి.

ఇంకొక భయం కూడా తీర్చాలి. నెల తరువాత నా స్కాను రిపోర్టు మా ఆవిడే ముందు చదివింది. 'నాలుగు సెంటీమీటర్లు' అని ఉంది. రెండు ఉన్నది నాలుగయిందని గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నిజానికి గడ్డతోబాటు చుట్టూ కొంత మంచి మాంసాన్ని కూడా కావాలనే కాలుస్తారు, అంచున ఒక్క కణం మిగలకూడదని. కనుక మొదటి స్కానులో మచ్చ పెద్దదిగానే కనిపించాలి, అదే మంచిది. దాని చుట్టూ పలచని, సమానమైన మెరిసే గీత ఉంటే అది ఆ వాపు గీతే. నెలల్లో తగ్గుతుంది. ఒక ప్రక్క మాత్రమే ముద్దలాగా మెరిస్తే కాన్సరు మిగిలిందేమోనని చూస్తారు. అందుకే మూడు నాలుగు నెలలకోసారి స్కాను మానకూడదు. నా నాలుగు ఇప్పుడు మూడుకు దిగింది.

ఒంటి ఈ కోపం అంతా మంచికేనా అని మీరడగవచ్చు. కాదు. చల్లబరిచి గడ్డకట్టించే పద్ధతిలో ఈ కోపం మరీ హద్దు మీరిన సందర్భాలున్నాయి. సిడ్నీలోని సెయింట్ జార్జ్ హాస్పిటల్ నుంచి డేవిడ్ మోరిస్, ఆయన సహచరుడు సైఫర్ట్ ప్రపంచమంతటినుంచి లెక్కలు సేకరించి 1999లో ప్రకటించారు. లివరుకు ఆ చికిత్స పొందిన రెండు వేల పైచిలుకు మందిలో నూటికి ఒకరికి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినేంత తీవ్రమైన ప్రతిచర్య వచ్చింది. వేడి పద్ధతిలో అంతటిది చాలా అరుదు. ఇంకొక సంగతి: వాపు సమయంలో పుట్టే పెంపుదల పదార్థాలు మిగిలిపోయిన కాన్సరు కణాలకు ఎరువు కావచ్చునని జంతువుల మీది పరిశోధనలు కొన్ని హెచ్చరిస్తున్నాయి. అందుకే 'కాస్త మిగిలినా ఒళ్ళే చూసుకొంటుందిలే' అనుకోరాదు.

రెండో వైపు ఆశ కూడా ఉంది. కాన్సరు కణాలను మన రక్షక వ్యవస్థ కనిపెట్టి చంపుతూ ఉంటుందేమోనని 1957లో ఊహించినవారిలో మన మెల్‌బోర్న్ శాస్త్రవేత్త మక్‌ఫార్లేన్ బర్నెట్ ఒకరు. మరొక పరిశోధనకు 1960లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ వ్యవస్థకున్న పగ్గాలు వదిలే మందులకు బాట వేసినందుకు 2018లో ఆలిసన్, హోంజోలకు నోబెల్ వచ్చింది. మాడిన గడ్డ ముక్కలు రక్షక కణాలకు 'దొంగ ఫోటో' వంటివి. ఆ మందులతోబాటు కాల్చటాన్ని కూడా కలిపితే, ఆ ఫోటో పట్టుకొని మిగతాచోట్ల దాగిన దొంగలనూ పట్టగలవేమోనని పరిశోధనలు సాగుతున్నాయి. కాల్చటం ఒక్కటే చేస్తే దూరాన ఉన్న గడ్డలు కరగటం మాత్రం బహు అరుదు. దాన్ని నమ్ముకొని ఎవరూ కీమో మానరాదు.

మా బావగారికి ఇదంతా ఫోనులో చెప్పాను. "అయితే నీ జ్వరం మంచిదేనంటావు" అన్నారు. "మంచిదీ కాదు, చెడ్డదీ కాదు బావగారూ, లెక్క వ్రాయవలసింది" అన్నాను. రెండో గడ్డ వద్దన్న అమ్మగారితో మా ఆవిడ మాట్లాడింది. వచ్చే నెల మళ్ళీ డాక్టరును కలుస్తానన్నదట. బాబాయిగారు ఈ సంక్రాంతి సభకు వస్తున్నారు. ఆయన ప్రక్కనే కూర్చుంటాను. ఈసారి వడ్డన మొదలుకాక ముందే, "ఎలా ఉంది బాబాయిగారూ, ఎన్నాళ్ళనుంచి?" అని అడుగుతాను.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకొందాం. అందాకా సెలవు.